నిలబడ్డ గోడ మీద విచారణ

ఆ ఊరికి సర్కారు పెద్దాసుపత్రి మంజూరైంది. ఈ వార్త విని, ఇకమీదట రోగాలు నయమవుతాయని కొందరు అమాయకులు సంతోషించారు. శంకుస్థాపన రోజున పెద్దాఫీసరు వాళ్ల అపోహ తొలగించారు.

"ఆసుపత్రి అంటే మందులూ, మంచాలూ, డాక్టర్లూ అనుకోవడం పాతకాలపు ఆలోచన," అన్నారాయన మైకు ముందు. "ఈ ఆసుపత్రి పూర్తయ్యాక కాదు, మొదలైన క్షణం నుంచే వైద్యం చేస్తుంది. మొట్టమొదట నిరుద్యోగం అనే జబ్బుని నయం చేస్తుంది. ఇందులో ప్రతి ఇటుకా స్థానికుల చేతిమీదుగానే పడాలి. ఆ చేతులకి నైపుణ్యం నేర్పే పూచీ మాది!"

జనం చప్పట్లు కొట్టారు. రోగులు కూడా కొట్టారు. వాళ్లకీ ఉద్యోగాలు లేవు మరి.

ఆ స్థలానికి ఎదురింట్లోనే తూకమక్క కాపురం. ఆవిడ అసలు పేరు కాగితాలకి తెలుసేమో గానీ వీధిలో ఎవరికీ గుర్తులేదు. తాపీపని చేస్తుంది. పేర్చిన ప్రతి వరసకీ తాడుకట్టిన తూకపు గుండు వేలాడదీసి, అది ఊగడం ఆగేదాకా ఊపిరి బిగబట్టి చూసి, వెంట్రుకవాసి తేడా ఉన్నా ఇటుక పీకి మళ్లీ పెడుతుంది. అందుకే ఆ పేరు. మొదట్లో ఇసుక తట్టలు మోసేది. ఆ పని చేయించే మేస్త్రినే పెళ్లిచేసుకుని, ఆయన దగ్గరే తాపీ పట్టడం నేర్చుకుంది. ఇరవై రెండేళ్లలో ఆవిడ కట్టిన గోడల్లో ఒక్కటి ఒరిగిందని ఎవరూ చెప్పలేదు. ఇలాంటి విషయాలు ప్రభుత్వ దృష్టికి రావడం కష్టం. కూలినవాటి మీదే కదా నివేదికలుంటాయి.

మేస్త్రి ఇప్పుడు ఇంటిపట్టునే ఉంటాడు. ముప్పై ఏళ్లు సిమెంటు ధూళి పీల్చాడు. "నీ ఊపిరితిత్తుల్లో ఓ చిన్న గది కట్టేంత సరుకుంది," అని దూరపు పట్నంలో డాక్టరు సరదాగా అన్నాడట. ఆ డాక్టరు దగ్గరికి వెళ్లాలంటే రెండు బస్సులు మారి మూడు గంటలు ప్రయాణం చెయ్యాలి. ఆయాసం వచ్చినప్పుడల్లా మొగుడి వీపు నిమురుతూ ఆ మూడు గంటలూ కూర్చోవడం తూకమక్కకి అలవాటైపోయింది. అందుకే ఎదురుగా ఆసుపత్రి కడతారంటే, మర్నాడే తాపీ పుచ్చుకుని బయల్దేరింది.

పేర్లు రాసుకునే గుమస్తా తలెత్తకుండా అడిగాడు. "నైపుణ్యం ఉందా?"

"ఇరవై రెండేళ్ల నుంచీ గోడలు కడుతున్నాను బాబూ."

"అది అనుభవం. నేనడిగేది నైపుణ్యం."

"రెండూ ఒకటి కాదా?"

"నైపుణ్యానికి సర్టిఫికెట్టు ఉంటుంది. అనుభవానికి ఏముంటుంది?"

తూకమక్క ఆలోచించింది. అరచేతుల్లో కాయలున్నాయి. అవి చెల్లుతాయో లేదో తెలియక పిడికిలి మూసుకుంది. "మీ వెనకాల ఉన్న గోడ నేను కట్టిందే," అంది చివరికి.

గుమస్తా వెనక్కి తిరిగి గోడని అనుమానంగా చూశాడు. "రుజువేది?"

"పడలేదుగా."

అది రుజువుల పట్టికలో లేదు. 'నైపుణ్యం లేని స్థానిక మహిళ' అని రాసుకుని, శిక్షణకి పంపాడు.

శిక్షణ పొందినవాళ్లతోనే ఆసుపత్రి కట్టాలని నిబంధన. కాబట్టి ముందు శిక్షణ జరగాలి. శిక్షణ జరగాలంటే షెడ్డుండాలి. ఆ షెడ్డు కట్టడానికి బయటి ఊళ్ల నుంచి కూలీలని తెప్పించారు, ఎందుకంటే స్థానికులకి ఇంకా నైపుణ్యం రాలేదు. బయటివాళ్లు పదిహేను రోజుల్లో షెడ్డు కట్టి, ఇటుకలు పేర్చి, సిమెంటు బస్తాలూ పైకప్పు రేకులూ దించి, తమ దారిన తాము పోయారు. పునాదులు కూడా వేసి పోతామన్నారు గానీ, స్థానికుల పొట్ట కొట్టడం అన్యాయమని అధికారులు ఒప్పుకోలేదు.

శిక్షకుడు మంచివాడు. చదువుకున్నవాడు. ఇటుకని దగ్గరగా చూడటం మాత్రం అదే మొదలు. మొదటివారం 'ఇటుక: ఒక పరిచయం' అని తెరమీద బొమ్మలు చూపించాడు. రెండోవారం చిరునవ్వుతో పనిచెయ్యడం నేర్పాడు. మూడోవారం హెల్మెట్లు వచ్చాయి. నాలుగోవారం పెద్దాఫీసరు వచ్చి, హెల్మెట్లు పెట్టుకుని చిరునవ్వు నవ్వుతున్న స్థానికుల మధ్య నిలబడి ఫొటో దిగారు. ఐదోవారం ఇక తప్పించుకోవడానికేమీ దొరక్క, శిక్షకుడు తూకమక్కని పక్కకి పిలిచాడు.

"అక్కా, ఇంతకీ గోడ ఎక్కణ్ణుంచి మొదలెడతారు?"

"కిందనుంచి సారూ."

ఆయన నిజాయితీగా నోటుపుస్తకంలో రాసుకున్నాడు.

ఆ రోజునుంచీ పాఠం ఆవిడ చెప్పింది, హాజరు ఆయన వేశాడు. వీధి వీధంతా విద్యార్థులే. దర్జీ, టీకొట్టావిడ, రిటైరైన బస్సు కండక్టరు, తూకమక్క సొంత మరిది. పొద్దున్నే మట్టి పిసికి, ఆ మట్టితో ఇటుకలు పేర్చి, నడుమెత్తు గోడ లేపేవారు. సాయంత్రానికి దాన్ని పడగొట్టి, ఇటుకలు కడిగి ఆరబెట్టేవారు. మర్నాటి జట్టుకి అవే ఇటుకలు కావాలి కదా. ఇందులో తప్పుపట్టడానికేమీ లేదు. వంట నేర్చుకునేవాడు కూడా మొదట వండినవి పారబోస్తాడు. కాకపోతే, ఇక్కడ అతిథులు విస్తళ్ల ముందు కూర్చుని రెండేళ్లయింది.

ప్రగతి నివేదికలు మాత్రం పైకి వెళ్తూనే ఉన్నాయి. ఏ రోజు కట్టిన గోడ పొడవు ఆ రోజు రాశారు. పడగొట్టినట్టు రాయడానికి ఫారంలో గడి లేదు. అన్నీ కూడితే ఆ ఊళ్లో పదకొండు కిలోమీటర్ల ఆసుపత్రి గోడ తయారైంది. దేశంలోకెల్లా పెద్ద ఆసుపత్రి అదేనని ఎవరో సభలో కూడా ప్రస్తావించారట.

పడగొట్టడం కూడా ఒక నైపుణ్యమేనని గుర్తించి, దానికి వేరే కోర్సు పెట్టారు. అందులో తూకమక్క మరిది ప్రథముడిగా వచ్చాడు. చిన్నప్పటి నుంచీ ఇంట్లో పింగాణీ నిలవనివ్వని వాడు. ఆ చేతులకి ఒక గుర్తింపు రావడం ఇదే మొదలు.

తూకమక్క పరీక్ష తప్పింది. 'గోడ నిటారుగా ఉన్నదీ లేనిదీ ఎలా నిర్ధారిస్తారు?' అని ప్రశ్న. 'తూకపు గుండు వేసి' అని రాసింది. 'పర్యవేక్షకుని సంతకం ద్వారా' అనేది సరైన జవాబు. రెండోసారి కూడా గుండే వేసింది. మూడోసారి శిక్షకుడు బతిమాలాడు.

"అక్కా, సంతకం అని రాసెయ్యవా? నువ్వు తప్పుతుంటే నాకు తలవంపులుగా ఉంది."

"సంతకం పెట్టినా గోడ ఒరిగితే ఏం చేస్తారు సారూ?"

"అప్పుడు ఇంకో సంతకం పెట్టిస్తారు," అన్నాడాయన దిగులుగా. ఈ రెండేళ్లలో ఆయన కూడా కొంత నేర్చుకున్నాడు.

సాయంత్రం ఇంటికెళ్తే మేస్త్రి మంచం మీదనుంచే అడిగేవాడు. "గోడ ఎంతవరకొచ్చిందే?"

"నడుము దాకా."

"నిన్న కూడా నడుము దాకే అన్నావు."

"నిన్నటిది పడగొట్టాం కదయ్యా."

మేస్త్రి నవ్వేవాడు. నవ్వు దగ్గయ్యేది, దగ్గు ఆయాసమయ్యేది. కాసేపటికి తేరుకుని, "కట్టింది పడిపోతుందేమోనని మనం భయపడ్డాం. వీళ్లకి నిలబడిపోతుందేమోనని భయం," అనేవాడు.

ఆ ఎండాకాలంలో ఓ మధ్యాహ్నం మేస్త్రికి ఊపిరి బొత్తిగా అందలేదు. మొదటి బస్సు దొరికింది. రెండో బస్సు మధ్యదారిలో టైరు పంక్చరై ఆగిపోయింది. ప్రయాణికులు దిగి చెట్ల నీడకి చేరారు. మేస్త్రి పెదాలు నీలంగా మారాయి. తూకమక్క ఆయన్ని రోడ్డుపక్కన ఒళ్లో కూర్చోబెట్టుకుని, కనిపించిన ప్రతి బండికీ చెయ్యెత్తింది. ఏడో బండి లారీ. ఆ డ్రైవరు ఏమీ అడక్కుండా ఎక్కించుకున్నాడు. పట్నంలో ఆక్సిజన్ పెట్టాక గానీ మేస్త్రి కళ్లు తెరవలేదు.

"ఇంకో అరగంట ఆలస్యమైతే దక్కేవాడు కాదు," అన్నాడు డాక్టరు. "మీకు దగ్గర్లో ఆసుపత్రేమీ లేదా?"

"మా ఇంటికెదురుగానే ఉంది డాక్టరుగారూ," అంది తూకమక్క. "రోజూ కడుతున్నాం."

ఆవిడ తిరిగొచ్చేసరికి శిక్షకుడు పెట్టె సర్దుకుంటున్నాడు. ఉత్తమ శిక్షణా కేంద్రంగా ఎంపికైనందుకు రాజధానిలో నెలరోజుల సదస్సట. "నేనొచ్చేదాకా క్లాసు నువ్వే చూసుకో అక్కా. సిలబస్ ప్రకారం నడిపించు, చాలు."

"సిలబస్‌లో ఏముంది సారూ?"

"గోడ."

"సరే," అంది తూకమక్క.

మర్నాడు పొద్దున ఆవిడ షెడ్డు తాళం తీసి, రెండేళ్లుగా కదలని సిమెంటు బస్తాలని ఒక్కొక్కటే తట్టి చూసింది. కిందివి రాళ్లయిపోయాయి. పైవి కొన్ని ఇంకా పనికొచ్చేలా ఉన్నాయి. నోటీసుబోర్డు మీద ఎండకి వెలిసిపోతున్న ఆసుపత్రి నక్షా దింపి, నేలమీద పరిచింది. గేటుపక్కన ఒకటో నంబరు గది. అత్యవసర చికిత్సకి.

"ఇవాళ మట్టి వద్దు," అంది విద్యార్థులతో. "పునాది తవ్వుదాం."

"పునాదా? అది సిలబస్‌లో ఉందా అక్కా?" అన్నాడు కండక్టరు.

"గోడ కింద ఉంటుంది. చూపిస్తాను, ముందు తవ్వండి."

రెండ్రోజులు తవ్వారు. మూడోనాడు గోడ లేచింది. సాయంత్రం మరిది అలవాటుగా సుత్తి పట్టుకుని వచ్చాడు. "ఇవాళ నీకు సెలవు," అని వెనక్కి పంపేసింది. నాలుగోనాడు పొద్దున జనం వచ్చేసరికి నిన్నటి గోడ నిన్నటి చోటే ఉంది. దర్జీ దాని చుట్టూ రెండుసార్లు తిరిగాడు. వేలితో తాకి చూశాడు. రెండేళ్లలో ఎప్పుడూ లేనిది, ఆవేళ టీకొట్టావిడ ఎవరూ చెప్పకుండానే చిరునవ్వు నవ్వింది.

ఇంటివాకిట్లో కుర్చీ వేసుకుని మేస్త్రి అక్కణ్ణుంచే కేకలేసేవాడు. కేకంటే కేక కాదు, మాటమాటకీ ఊపిరి తీసుకుని. "ఆ మూల... ఇటుకలు... కలిపి పేర్చండర్రా!" తలుపు ఎటు తెరుచుకోవాలన్న దానిమీద మొగుడూ పెళ్లాలకి ఒక పూటంతా వాదన నడిచింది. "లోపలికి," అన్నాడు మేస్త్రి. "బయటికి," అంది తూకమక్క. "మనిషిని మంచంతో సహా తెస్తారు. లోపల చోటుండాలి." ఆవిడ మాటే నెగ్గింది. ఓడిపోయినందుకు మేస్త్రి ఎంతో సంతోషించాడు.

పదమూడో రోజుకి గోడలు, రేకుల కప్పు, రెండు కిటికీలు, బయటికి తెరుచుకునే తలుపుతో గది నిలబడింది. వారానికోసారి బండి మీద వచ్చి చెట్టుకింద మందులిచ్చే నర్సమ్మ అది చూసింది. దించడానికి చోటులేక ఆవిడ ఒక ఆక్సిజన్ సిలిండరుని బండిలోనే ఊరూరా తిప్పుతోంది. ఆవేళ దించింది. తనూ దిగింది. ఆ తర్వాత తొమ్మిది రోజులు ఆ గదిలో వైద్యం జరిగింది. మేస్త్రి మొదటి రోగి. ఫిట్స్ వచ్చిన పసిపిల్లని తెచ్చారు. గుండె పట్టేసిన దర్జీ తల్లిని తెచ్చారు. అందరూ బతికారు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఎవరి రోగిని వాళ్లు ఇంటికి తీసుకుపోయారు.

పదో రోజున తనిఖీ బృందం వచ్చింది. రికార్డుకీ నేలకీ నాలుగు గోడలు తేడా కనబడింది. పదకొండు కిలోమీటర్ల గోడ కనబడకపోతే వాళ్లకి ఆశ్చర్యం కలగలేదు. నాలుగు గోడలు కనబడేసరికి కంగారుపడ్డారు.

ముగ్గురు సభ్యులతో విచారణ సంఘం వేశారు. ఆరోపణలు ఇవి. ఒకటి, నైపుణ్యం లేని వ్యక్తి నైపుణ్యంతో గోడ కట్టుట. రెండు, శిక్షణా సామగ్రిని నిర్మాణానికి దుర్వినియోగం చేయుట. మూడు, ప్రారంభోత్సవం కాని ఆసుపత్రిలో రోగులు కోలుకొనుట.

"ఈ గోడకి పర్యవేక్షకుని సంతకం ఏదీ?" అన్నాడు మొదటి సభ్యుడు.

తూకమక్క గుండు తీసి గోడకి వేలాడదీసింది. అది ఊగి, ఊగి, ఆగింది. ముగ్గురూ వంగి చూశారు. పైనుంచి కిందిదాకా ఒక్కటే తేడా, అసలు తేడా లేకపోవడం.

"చాలా నిటారుగా ఉంది," అని రెండో సభ్యుడు ఒప్పుకున్నాడు. "ఇదే మమ్మల్ని కలవరపెడుతోంది."

సదస్సునుంచి దిగిన శిక్షకుడు బస్టాండునుంచి తిన్నగా విచారణకే వచ్చాడు. ఆయన మెడలో ఇంకా పతకం ఉంది. "ఆవిడ తప్పేమీ లేదు. క్లాసు నేనే అప్పగించాను," అన్నాడు. ఆయన్ని మెచ్చుకుని, గోడలు లేని ఇంకో శాఖకి బదిలీ చేశారు.

పెద్దాఫీసరు తొందరపడే మనిషి కాదు. ప్రజాభిప్రాయం అంటే ఆయనకి ప్రాణం. షెడ్డులో సభ పెట్టించి, తూకమక్కని ముందువరసలో కూర్చోబెట్టి, ఆవిడకి నమస్కారం చేసి మొదలుపెట్టారు.

"ఈ తల్లి ఉద్దేశం గొప్పది. నేను కాదనను. పదమూడు రోజుల్లో ఒక గది కట్టింది. ఈ లెక్కన ఏడాది తిరిగేసరికి ఆసుపత్రి మొత్తం కట్టేస్తుంది. కట్టేస్తే? ఈ నాలుగువందల మంది స్థానికుల శిక్షణ ఏం కావాలి? రోజూ దొరికే భత్యం, మధ్యాహ్నం భోజనం ఏం కావాలి? నేను నిర్ణయించను. మీరే చెప్పండి. మీకు ఆసుపత్రి కావాలా, ఆసుపత్రి నిర్మాణం కావాలా?"

తూకమక్క లేచింది. ఆవిడకి ప్రసంగాలు రావు.

"రెండూ కావచ్చు కదండీ," అంది. "ఆసుపత్రి కట్టాక బడి కడదాం. బడయ్యాక మన వీధిలో కురిసే ఇళ్లున్నాయి. కట్టేవాళ్లకి పని అయిపోదండీ. పడగొడుతూ కూర్చుంటేనే అయిపోతుంది. నేర్చుకున్నది మరిచిపోతాం."

"ఆ పథకాలింకా మంజూరు కాలేదమ్మా," అన్నారు పెద్దాఫీసరు మృదువుగా. "నిర్మాణం కావాలన్నవాళ్లు చేతులెత్తండి."

మొదట మరిది చెయ్యి లేచింది. తర్వాత కండక్టరుది. ఆ తర్వాత ఎవరిది ముందో ఎవరిది వెనకో చెప్పలేం. టీకొట్టావిడ తూకమక్క పక్కనే కూర్చుంది. చెయ్యెత్తుతూ చెవిలో అంది. "ఏమనుకోకక్కా. నీకు తాపీ ఉంది. మాకు శిక్షణే ఉంది."

దర్జీ చెయ్యి కూడా లేచింది. తూకమక్క అతనివైపు తిరిగింది.

"మా అమ్మని ఆ గదిలోనే బతికించారు," అన్నాడు దర్జీ, ఎత్తిన చెయ్యి దించకుండా. "మంచి గది."

తీర్మానం ఏకగ్రీవమని రాసుకున్నారు. మీరైతే చెయ్యెత్తేవారు కాదని నాకు తెలుసు. ఆ సభలో ఉన్నవాళ్లు కూడా, అంతకుముందురోజు అడిగితే, ఎత్తేవాళ్లం కామనే చెప్పారు.

కూల్చే పని మరిదికి అప్పగించారు. సుత్తి భుజాన వేసుకుని ఇంటికొచ్చి, గుమ్మం బయటే నిలబడ్డాడు. "వదినా, నామీద కోపం పెట్టుకోకు. ఇది నా ప్రాక్టికల్ పరీక్ష."

"మీ అన్నయ్య ఆ గదిలోనే పడుకునున్నాడు. ఆయన్ని బయటికి తెచ్చాక మొదలుపెట్టు," అంది తూకమక్క. అంతే అంది.

మేస్త్రిని మంచంతో సహా మోసుకొచ్చారు. తలుపు బయటికి తెరుచుకోవడంతో మంచం సులువుగానే వచ్చింది. మరిది సుత్తి ఎత్తి మొదటి దెబ్బ వేశాడు. సుత్తి ఎగిరి పక్కన పడింది. మట్టి గోడల మీద నేర్చుకున్న చదువు అది. జట్టంతా దిగినా, రెండురోజుల్లో నాలుగు పెచ్చులు లేచాయి. మూడోరోజు పెద్దాఫీసరే స్వయంగా తూకమక్క దగ్గరికి వచ్చారు. ఆయన చేతిలో సర్టిఫికెట్టు ఉంది. దానిమీద ఆవిడ అసలు పేరు తప్పుల్లేకుండా రాసి ఉంది.

"ఏ మూల కొడితే పడుతుందో కట్టినవాళ్లకి తెలుస్తుంది. ఒక్కమాట చెప్పమ్మా. ఇది ఇప్పుడే నీ చేతిలో పెడతాను. ప్రథమశ్రేణి."

ఇరవై రెండేళ్లుగా లేని కాగితం. అది ఉంటే ఏ ఊళ్లోనైనా, ఏ కట్టడంలోనైనా మేస్త్రిగా తీసుకుంటారు. తూకమక్క దానివైపు చాలాసేపు చూసింది. తర్వాత మొగుడివైపు చూసింది. మేస్త్రి ఆ గోడనే చూస్తున్నాడు.

"నాకు కట్టడం వరకే వచ్చండీ," అంది.

ఆ సాయంత్రం బయటి ఊరినుంచి యంత్రాన్ని తెప్పించారు. అది మూడు గుద్దులకి గదిని పడగొట్టింది. ధూళి వీధంతా కమ్మింది. పెద్దాఫీసరు మైకు అందుకుని, అడ్డంకులు తొలగి నిర్మాణం తిరిగి గాడిన పడిందనీ, శిక్షణని మరో ఐదేళ్లు పొడిగించామనీ ప్రకటించారు. హెల్మెట్లు పెట్టుకున్న నాలుగువందల మంది దగ్గుతూనే చప్పట్లు కొట్టారు. నర్సమ్మ ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని మేస్త్రి మొహానికి ఆక్సిజన్ గొట్టం అదిమిపట్టింది. తూకమక్క రెండు చేతులా సిలిండరుని కావలించుకుని, ఒరిగిపోకుండా నిటారుగా నిలబెట్టింది.

మర్నాడు ఆ ఫొటో పేపర్లో వచ్చింది. మీరూ చూసే ఉంటారు. పైన ఆకాశమంత ధూళి, కింద నవ్వు మొహాలు, 'జోరుగా ఆసుపత్రి పనులు' అని పెద్దక్షరాలు. ఎడంపక్క అంచున ఎవరో ఆడమనిషి సిలిండరు పట్టుకుని నిలబడి ఉంటుంది. ఆవిడెవరని మనమెవ్వరం అడగలేదు. పోనీలే, పని జరుగుతోంది కదా అనుకుని పేజీ తిప్పాం.